నందివెలుగులో వేపిన మొక్కజొన్న

మా మైక్రోబయాలజీ మేడమ్ చనిపోయారన్న సంగతి నాకు రేపల్లె ప్యాసింజర్‌లో తెలిసింది. సోమవారం పొద్దున బండి తెనాలి దగ్గర పడుతోంది. మా క్లాసు మొత్తంలో సెల్లు ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు నా పక్కనే కూర్చుంది. ఫోన్ మోగింది. "ఆ... ఎప్పుడు? నిన్న సాయంత్రమా?" అని, చేత్తో నోరు మూసుకుంది. "మేడమ్ పోయారే. బాపట్లలో, ఇంట్లోనే. గుండెనొప్పంట."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ కాసేపటి తర్వాత. అంతకంటే ముందు నాకు వచ్చింది ఏడుపు కాదు. గుండెల మీద నుంచి ఏదో దిగినట్టు ఒక పెద్ద ఊపిరి వచ్చింది. 'ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు' అనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని చదువు చెప్పిన మనిషి పోయిందంటే నాకు మొదట కలిగింది ఆ నిశ్చింత. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది రాయకుండా ఆమె గురించి ఇంకేం రాసినా అబద్ధమే అవుతుంది.

ఈ కాలేజీ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి మేడమ్ తెలుసు. తెలియనివాళ్ళకు చెబుతాను. ఆమెది ఈపురుపాలెంలో నేతపని చేసే కుటుంబం. పెళ్ళయ్యాక బాపట్లలో స్థిరపడ్డారు. రోజూ రైల్లో తెనాలి వచ్చి పాఠం చెప్పి, సాయంత్రం రైల్లో వెళ్ళేవారు. సాయంత్రాలు తెనాలి ప్లాట్‌ఫారం మీద ఆమె బాపట్ల బండి కోసం, మేం రేపల్లె బండి కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆమె వేరుశనక్కాయల పొట్లం కొనేవారు. ఒక్కో కాయ వలిచి, గింజని వేళ్ళ మధ్య తిప్పి, వెలుగులోకి పెట్టి చూసి గానీ నోట్లో వేసుకునేవారు కాదు. ముడుచుకుపోయిన గింజ, రంగు మారిన గింజ పొట్లం అంచున విడిగా చేరేవి.

"ఇలా తింటే మీ బండి వెళ్ళిపోద్ది మేడమ్" అంది ఒకసారి నా స్నేహితురాలు.

"బండి రేపూ వస్తుంది. బూజు గింజ తింటే పాడయ్యే లివరు ఒకటే ఇచ్చాడు దేవుడు" అన్నారు ఆమె, ఇంకో గింజ తిప్పుతూ.

మైక్రోస్కోప్‌లో చూడాల్సి వచ్చినప్పుడు కళ్ళజోడు తీసి జడ మొదట్లో గుచ్చుకునేవారు. తర్వాత క్లాసంతా వెతికేవారు. మేం చెప్పేవాళ్ళం కాదు. మూడో బెంచీ వరకూ వెతికాక తల తడుముకుని, "మీ అందరికీ ప్రాక్టికల్స్‌లో నేనే మార్కులు వేస్తాను, గుర్తుంచుకోండి" అనేవారు. వేసేటప్పుడు మాత్రం అది గుర్తుంచుకునేవారు కాదు.

మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. మా అబ్బా రేపల్లెలో దర్జీ. బడిలో తెలుగు నాకు మార్కుల కోసం చదివే సబ్జెక్టు, అంతే. డిగ్రీలో చేరాకే తెలుగు మాట మీద ప్రేమ పుట్టింది. దానికి కారణం తెలుగు క్లాసు కాదు, మేడమ్ క్లాసు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఆమె మాత్రం ప్రతి పాఠం ఒకసారి తెలుగులో చెప్పేవారు. నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని ఆమె వాడిన మాటలు రాసుకునేదాన్ని. అరగడం, ఊరడం, పులవడం, విరగడం. ఇన్ని రకాల మార్పులకు ఇన్ని మాటలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"రైబోజోమ్‌ని తెలుగులో ఏమంటారు మేడమ్?" అని అడిగాను ఒకరోజు.

"రైబోజోమే. పేరు మార్చకు, పని చెప్పు" అన్నారు.

ఆ పని ఆమె ఎలా చెప్పారో మా బ్యాచ్‌లో ఎవరూ మర్చిపోలేదు. "మా నాన్న మగ్గం మీద డిజైను అట్టలు వేలాడుతుండేవి. అట్ట నిండా చిల్లులు. ఏ చిల్లు వస్తే ఆ దారం లేస్తుంది. మగ్గానికి సొంత బుర్ర లేదు, అట్ట చెప్పిందే నేస్తుంది. మీ కణంలో రైబోజోమ్ అలాంటి మగ్గం. న్యూక్లియస్ నుంచి వచ్చే ఎంఆర్ఎన్ఏ ఆ అట్ట. టీఆర్ఎన్ఏలు ఒక్కో అమినో ఆమ్లాన్ని దారం ముక్కలా మోసుకొస్తాయి. పాత ముక్కకి కొత్త ముక్క ముడిపడుతుంది. అలా ముడి మీద ముడి పడి ప్రోటీన్ తయారవుతుంది. చర్మం, రక్తం, పేగు పొర, కోడి ఈక, అన్నీ ఆ నేతే."

తర్వాత బల్ల మీద ఒక గాజుపళ్ళెం పెట్టారు. అందులో మొక్కజొన్న గింజల మీద లేత గులాబీ రంగు బూజు. చూడటానికి అందంగానే ఉంది.

"ఇది పొలంలోనే పడుతుంది, తడిస్తే పెరుగుతుంది. ఇది చేసే విషం అట్టని చింపదు. దారాన్ని తెంచదు. వెళ్ళి ముడి పడే చోట కూర్చుంటుంది. అంతే. మగ్గం ఉంది, నూలు ఉంది, అట్ట ఉంది, బట్ట మాత్రం రాదు."

"యాంటీబయాటిక్ కూడా అలాగే కదా మేడమ్?" అన్నారు ఎవరో.

"కొన్ని అలాగే. కానీ బాక్టీరియా మగ్గం చిన్నది, వేరే రకం. దాన్ని ఆపే మందు మనం మింగినా మన మగ్గాలు చాలావరకు ఆడుతూనే ఉంటాయి. ఈ బూజు అలా కాదు. దీని కణాల్లోనూ మనలాగే న్యూక్లియస్ ఉంది. దీని విషం పట్టేది కూడా మన రకం మగ్గాన్నే. కోడిదీ, గేదెదీ, నీదీ, నాదీ."

"మరి తన విషానికి తనే చావదా?" అన్నాను నేను.

ఆమె నా వైపు చూసి సంతోషపడ్డారు. "మంచి ప్రశ్న. దాని మగ్గంలో ఆ ముడిపడే చోటు కాస్త తేడాగా ఉంటుంది. విషం అక్కడ సరిగ్గా కూర్చోలేదు. ఎవరికి ఏమైనా, చేసినదానికి మాత్రం ఏమీ కాదు."

ఆ వాక్యం కూడా నా నోటుబుక్కులో రాసుకున్నాను, ఎంత బాగుందో అనుకుంటూ.

మా మొదటి సంవత్సరం చివర్లో అకాల వానలు పడ్డాయి. వరి కోశాక వేసిన మొక్కజొన్న కండెలు కళ్ళాల్లోనే తడిసిపోయాయి. మార్కెట్లో తీసుకోనిదాన్ని జనం కోళ్ళకీ గేదెలకీ వేస్తారని మేడమ్‌కి తెలుసు. ప్రిన్సిపాల్‌గారిని ఒప్పించి, మాలో ఆరుగురిని నందివెలుగు తీసుకెళ్ళి ఒక్కొక్కరిని ఒక్కో వీధిలో నిలబెట్టి చెప్పించాలనుకున్నారు. చెప్పాల్సింది రాసే పని నాకు ఇచ్చారు.

వారం రోజులు రాశాను. రాసింది చించి మళ్ళీ రాశాను. ఆమె ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చారు. విశేషణాలన్నీ కొట్టేశారు. 'గులాబీ చీర కట్టిన మృత్యువు' అన్న చోట 'చీర విప్పెయ్' అని రాశారు. చివర్లో నేను రాసుకున్న వాక్యం ఒకటుంది. 'ఎండ పెడదాం, వేపుదాం. నిప్పు ముందు ఏ విషం నిలుస్తుంది?' అని. దాని మీద అడ్డంగా గీత. పక్కన: 'బాగుంది. నిజమేనా? వేపితే బూజు చస్తుంది. విషం అలాగే ఉంటుంది. ఇది చెప్పొద్దు.'

చదివాను. అర్థమైంది. మిగతా అయిదుగురికీ ఆ వాక్యం లేకుండానే రాసిచ్చాను.

నా వీధిలో ఒక వరండా ముందు ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. మేడమ్ వీధి ఆ చివర ఎవరి గాదెలోనో గింజలు చూస్తున్నారు. తెల్ల కోటు వేసుకుని నేను మొదలుపెట్టాను. మగ్గం, అట్ట, ముడి, అన్నీ చెప్పాను. నా మాటలకి అంతమంది పెద్దవాళ్ళు నోరు తెరుచుకుని వినడం నాకు అదే మొదటిసారి. ఒంట్లో ఏదో పొంగినట్టు ఉంది. అప్పుడు ముందు వరసలో కూర్చున్నామె చెయ్యెత్తింది. ముప్పై కోళ్ళు పెంచి, గుడ్లమ్మి ఇల్లు నడిపే మనిషి.

"ఇదిగో అమ్మాయ్, మగ్గాలూ గిగ్గాలూ నాకెందుకు గానీ, ఒక్క ముక్క చెప్పు. ఎండేసి, వేపి, నూక పట్టించి కోళ్ళకేస్తే ఏవన్నా అవుద్దా?"

అందరూ నవ్వారు. అందరూ నా వైపు చూశారు. తెలియదు, మేడమ్‌ని అడిగి చెబుతాను అనొచ్చు. అసలు నాకు తెలుసు కూడా. ఎర్ర సిరా కళ్ళ ముందే ఉంది. కానీ కొట్టేసిన ఆ వాక్యం నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆ నవ్వుల మధ్య అది తప్ప ఇంకేదీ అంత బాగా అతకదనిపించింది.

"నిప్పు ముందు ఏ విషం నిలుస్తుందండీ?" అన్నాను.

"అద్దీ!" అంది ఆమె, పక్కామె తొడ మీద చరిచి. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తెనాలి వచ్చేదాకా నా చెవుల్లో ఉన్నాయి.

మూడు వారాల తర్వాత ఆ కోళ్ళామె కాలేజీకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో రెండు చచ్చిన కోళ్ళు. ప్రిన్సిపాల్‌గారి గదిలోకి మేడమ్‌నీ, రాసింది నేను కాబట్టి నన్నూ పిలిచారు.

"ముప్పై కోళ్ళండీ. పంతొమ్మిది పోయినయ్. ఉన్నయ్యి మేత ముట్టవు. మీవాళ్ళు చెప్పినట్టే వేపే ఏశానండీ!"

"ఎవరమ్మా చెప్పింది?" అన్నారు ప్రిన్సిపాల్.

"అందరూ తెల్ల కోట్లే గదండీ, ఏ పిల్లో నాకేం గుర్తు? నిప్పు ముందు ఏ విషం నిలుస్తుందని చెప్పింది, ఎంచక్కా. నేను మా వీధంతా చెప్పుకున్నా ఆ మాట."

మేడమ్ నా వైపు తిరిగారు. ఒక్క క్షణం. తన ఎర్ర గీత కింద ఉన్న వాక్యాన్ని ఆమె గుర్తుపట్టారు. నేను నా కాలి బొటనవేలు వైపు చూశాను. గోరు మీద పాత గోరింటాకు సగం పోయి సగం ఉంది. అది ఇప్పటికీ నాకు కనిపిస్తుంది, ఎందుకంటే చాలాసేపు దాన్నే చూశాను.

"పిల్లలకి నేర్పింది నేనే సార్. నేను నేర్పిందే చెప్పారు. తప్పు నాది" అన్నారు మేడమ్.

"ఎమ్మెస్సీ చదివి, ఇన్నేళ్ళు పాఠం చెప్పి, ఇదా మేడమ్ మీరు నేర్పేది?"

"అవునండి. పొరపాటైపోయింది."

నందివెలుగామె ఊరుకోలేదు. "ఈ చదువులు మీరే ఏపుకు తినండి!" అని, సంచీ మేడమ్ కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళిపోయింది. ఊళ్ళలో చెప్పే కార్యక్రమాలు ఆ రోజుతో ఆగిపోయాయి. తర్వాత మేడమ్ ఎన్నిసార్లు అడిగినా అనుమతి రాలేదు.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో మేడమ్ ఆ కోళ్ళలో ఒకదాని ముక్కు తెరిచి మాకు చూపించారు. నాలుక అంచున, అంగిట్లో పసుపుపచ్చ పుళ్ళు. "నోరు, పేగు, ఎముకల్లో మూలుగ. రోజూ అరిగి రోజూ కొత్తగా నేసుకునే చోట్లు ఇవి. ముడి ఆగితే ముందు దెబ్బ తినేవి ఇవే. మేత కళ్ళ ముందు ఉంటుంది, తినలేవు." కోడిని బల్ల మీద పెట్టేసి, "వేపితే ఈ విషం పోదు. రాసుకోండి" అన్నారు.

నా వెనక బెంచీలో ఎవరో గుసగుసగా అన్నారు. "ఇప్పుడు చూసుకొచ్చినట్టున్నారు పుస్తకం."

ఇద్దరు నవ్వారు. మేడమ్‌కి వినపడింది. చెవుల దాకా ఎర్రబడ్డారు. నేను తల వంచుకుని, మొదటిసారి తెలుసుకున్నదానిలా, 'వేపితే విషం పోదు' అని రాసుకున్నాను. పాఠం అయ్యాక మేడమ్ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి క్లాసంతటికీ చెప్పారు: "తెలియకపోతే తెలియదనే అనండి. ఆ మాటకి ఎవరి కోడీ చావదు."

తర్వాతి శనివారం పొద్దున్నే నన్ను తెనాలి స్టేషన్‌కి రమ్మన్నారు. బాపట్ల బండి దిగుతూ ఉన్నారు, చేతిలో గుడ్డ కప్పిన బుట్ట, బుట్ట నిండా కిచకిచలు. వెనకే టీసీ దిగాడు.

"వీటికి టికెట్టేదండీ మేడమ్‌గారూ?"

"ఇంకా హాఫ్ టికెట్ వయసు కూడా రాలేదండి."

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బుట్ట నా చేతికిచ్చారు. నందివెలుగు ఆటోలో ఇద్దరమే ఉన్నాం. కోడిపిల్లలు గుడ్డ కింద నుంచి నా వేళ్ళు పొడుస్తున్నాయి.

"నాకేమన్నా చెప్పాలా అమ్మా?" అన్నారు.

"లేదు మేడమ్."

"సరే" అన్నారు. బయటికి చూశారు. తర్వాత ఆ రోజంతా నాతో మామూలుగానే మాట్లాడారు. ఆ మామూలుతనాన్ని అప్పుడు నేను క్షమ అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆమె నాకు ఒక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు, నేను లోపలికి వెళ్ళలేదు, ఆమె చెయ్యి నొప్పెట్టేదాకా పట్టుకుని మెల్లగా వేశారు.

కోళ్ళామె గుమ్మంలోనే అందుకుంది. "రండి రండి. ఈసారేం వేపమంటారు మేడమ్‌గారూ?"

"ఈసారి ఏమీ వేపొద్దు. ఇవి బతికే ఉన్నాయి, అలాగే ఉంచు" అన్నారు మేడమ్. మిగిలిన మొక్కజొన్న మూడు బస్తాలు నా చేత మోయించి గొయ్యి తీయించి పూడ్పించారు. ఆ తర్వాత రెండు నెలలు ప్రతి శనివారం వెళ్ళి, కోళ్ళ నోళ్ళు తెరిచి చూసి వచ్చేవారు. నన్ను మళ్ళీ రమ్మనలేదు.

ఇది జరిగి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో నేను క్లాసు ఫస్టు వచ్చాను. వ్యాసాలకు బహుమతులు తెచ్చుకున్నాను. ప్రతి వ్యాసం ముందు ఆమెకే చూపించాను. 'బాగుంది. నిజమేనా?' అని అంచున రాసి ఇచ్చేవారు, ఎప్పటిలాగే, పాత సంగతి ఏదీ లేనట్టు. ఎవరికి ఏమైనా చేసినదానికి ఏమీ కాదన్న వాక్యం నోటుబుక్కులో కనపడితే పేజీ తిప్పేసేదాన్ని.

ఆ సోమవారమే తెనాలి నుంచి బాపట్లలో ఆమె ఇంటికి మేమంతా వెళ్ళాం. ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. కళ్ళజోడు లేకుండా ఆమె ముఖం చిన్నదిగా, ఎవరో తెలియని మనిషిదిలా ఉంది. వరండాలో ఇద్దరు లెక్చరర్లు మాట్లాడుకుంటున్నారు.

"పాఠం బానే చెప్పేది పాపం. ఆ నందివెలుగు గొడవే..."

"అంత చిన్న విషయం ఎలా తెలీలేదో ఆవిడకి."

నేను వాళ్ళ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. అప్పుడు కూడా నోరు తెరవలేదు. తిరుగు రైల్లో మాత్రం బాపట్ల నుంచి తెనాలి దాకా ఆ రెండో మాటే వినపడింది. ఆమె చదువుకి ఒకే ఒక్క మచ్చ ఉంది. అది నాది. పొద్దున రైల్లో నేను వదిలిన ఆ ఊపిరికి అర్థం అప్పుడు తెలిసింది: ఇక ఆ మచ్చ ఎప్పటికీ ఆమె మీదే ఉండిపోతుంది.

తర్వాతి శనివారం ఒక్కదాన్నే నందివెలుగు వెళ్ళాను. కోళ్ళామె గంప కింద కోడిపెట్టను మూస్తోంది. మేడమ్ సంగతి చెప్పగానే గంప వదిలేసి కూలబడింది.

"అయ్యో! ఎంత మంచి మనిషమ్మా. మొదట్లో ఆవిణ్ణి తిట్టని తిట్టు లేదు నేను."

"ఆ తిట్లు నావి పిన్నీ" అన్నాను. "వేపితే విషం పోద్దని మేడమ్ నేర్పలేదు. చెప్పొద్దని రాసిచ్చారు. నేనే చెప్పా. ఆ మాట బాగుందని చెప్పా."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను.

"ఆవిడకి తెలుసా?"

"తెలుసు."

"తెలిసే నా చేత అన్ని మాటలు పడిందా?"

"పడ్డారు."

"మరి నువ్వు బుట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డావు గదే, గుర్తొచ్చింది. నోరు పడిపోయిందా అప్పుడు?" ఆమె లేచి చీర దులుపుకుంది. "నాతో చెప్పి చేతులు దులుపుకుని పోదామనుకున్నావా? చదువుకున్న పిచ్చిదని ఆవిణ్ణి ఈ వీధిలో ఎన్నిళ్ళల్లో అన్నానో నాకు తెలుసు. పద."

"ఎక్కడికి పిన్నీ?"

"పద చెప్తా."

చెయ్యి పట్టుకుని మొదటి ఇంటికి లాక్కెళ్ళింది. "వదినా, ఒకసారి బయటికి రా. ఈ పిల్ల ఒకటి చెప్పుద్ది." ఆమె పిండి చేతులతో వచ్చింది. చెప్పాను. రెండో ఇంట్లో తల దువ్వుకుంటూ విన్నారు. మూడో ఇంట్లో చెప్పడానికి వాక్యం చక్కగా కుదుర్చుకోబోయాను. "ఊరికే తిప్పకు, సూటిగా చెప్పు" అంది పిన్ని. నాలుగో ఇంటి అరుగు మీద చెవుడున్న తాత ఒకాయన కూర్చుని ఉన్నాడు. వేపితే మొక్కజొన్నలో విషం పోదు తాతా, పోద్దని చెప్పింది మేడమ్ కాదు, నేను అన్నాను.

"ఏంటీ?" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి.

ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. పిన్ని అప్పటికే అయిదో ఇంటి గేటు తీసి, దాన్ని పట్టుకుని నా కోసం చూస్తోంది.

"గట్టిగా చెప్పమ్మా" అన్నాడు తాత. "వినపళ్ళా."

గట్టిగా చెప్పాను.